డెబ్భై గ్రాముల తేడా

నరసింహమూర్తి తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ సంగతి శాఖకి తెలుసు. ఆయనకే ఇంకా పూర్తిగా తెలియదు. ప్రగతి నగర్‌లో కొడుకు ఫ్లాట్‌కి వచ్చి చేరాక, ఇంట్లోకి ఏ సరుకొచ్చినా ముందు వంటింటి గట్టు మీదున్న ఎలక్ట్రానిక్ కాటా ఎక్కాల్సిందే. కూరవడం, పప్పవడం ఆ తర్వాత సంగతి.

ఆ కాటాకి ఒక బటన్ ఉంది. ఖాళీ గిన్నె పెట్టి అది నొక్కితే గిన్నె బరువు సున్నా అయిపోతుంది. నరసింహమూర్తి దాన్ని ముట్టుకోడు. ఆ బటన్‌తో ఆటలాడిన కొట్లవాళ్ళ మీద సర్వీసంతా కేసులు రాసినవాడు, ఇంట్లో అదే పని ఎలా చేస్తాడు? ఆయనకో స్టీలు గిన్నె ఉంది. ఈ ఇంటికొచ్చిన రోజే దాన్ని తూచి, రెండువందల పది గ్రాములని డైరీలో రాసి, కింద సంతకం కూడా పెట్టాడు. సరుకు గిన్నెలో పోసి తూచడం, వచ్చిన అంకెలోంచి రెండువందల పది తీసెయ్యడం. అంతే.

ఈ పద్ధతి వల్ల ఆయనకి రెండేళ్ళుగా ఒక భయంకరమైన నిజం తెలుస్తోంది. లోకం మొత్తం డెబ్భై గ్రాములు తక్కువ తూస్తోంది. కేజీ వంకాయలు తొమ్మిదివందల ముప్పై. అరకేజీ బెల్లం నాలుగువందల ముప్పై. సీలు వేసిన కంపెనీ ప్యాకెట్లదీ అదే కథ. వాళ్ళకి ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు కాబట్టి తప్పు ఒప్పుకున్నట్టేనని ఫైలు మూసేశాడు.

రోజూ దొరికేవాడు మాత్రం కూరగాయల బండి లింగమూర్తి. పొద్దున్నే కూరలు కొనడం, మూడో అంతస్తుకెళ్ళి తూచడం, మళ్ళీ దిగొచ్చి "డెబ్భై గ్రాములు!" అని గేటు దగ్గర ప్రకటించడం. లింగమూర్తి రెండు వంకాయలు తీసి చేతిలో పెట్టేవాడు. నరసింహమూర్తి వాటిని జెండాలా పట్టుకుని లిఫ్టెక్కేవాడు. ఆయనకి బీపీ మాత్రకంటే అది బాగా పనిచేసేది.

కిందటేడు మనవరాలు రసజ్ఞ పుట్టినరోజుకి బేకరీ నుంచి కేజీ కేకు వచ్చింది. కొవ్వొత్తులు వెలిగించేలోపు ఆయన దాన్ని గిన్నెలో బోర్లించి తూచాడు. తొమ్మిదివందల ముప్పై. పిల్ల పేరు గిన్నె అడుక్కి అంటుకుపోయింది. వచ్చిన పిల్లలందరూ చెంచాలతో తిన్నారు.

అందుకే ఈసారి కోడలు ఉమాశ్రీ ఆఫీసుకెళ్తూ నెమ్మదిగా అడిగింది.

"మావయ్యగారూ, ఆదివారానికి కేకు ఆర్డర్ పెట్టేస్తాను. మీరు తూచకుండా ఉంటారు కదండీ?"

"ఆర్డరెందుకమ్మా? నేనే చేస్తాను. గ్రాము గ్రాముకీ లెక్కుంటుంది."

ఆయన భార్య నాగేశ్వరి పప్పు తాలింపు ఆపి ఇటు తిరిగింది. నలభై ఏళ్ళుగా ఆవిడ చేత్తో ఉప్పు వేస్తుంది, ఎప్పుడూ తేడా రాలేదు. ఆయనకి ఆ విషయంలో మొదట్నుంచీ అనుమానమే.

"చెయ్యండి. కానీ ఆదివారం కేకు కుదరకపోతే, ఇక జన్మలో లింగమూర్తి బండి దగ్గర తూకం మాటెత్తకూడదు. కింద నుంచి మీ గొంతు వినపడితే నేను లోపలికెళ్ళి తలుపేసుకుంటున్నానండీ, సిగ్గేసి."

"ఒప్పుకున్నా," అన్నాడు నరసింహమూర్తి. ఆ వంకాయలు లేని పొద్దుటిపూట ఎలా ఉంటుందో ఒక్క క్షణం తలుచుకుని, వెంటనే మర్చిపోయాడు.

శుక్రవారం ఒవెన్‌లోంచి అప్పడాలు ఖాళీ చేశారు. లాక్‌డౌన్‌లో కొన్నాక దాని ఉద్యోగం అదే. వీడియోలో అమ్మాయి బేకింగ్ పౌడరు ఒక చెంచా అంది. ఏ చెంచా? ఎవరి చెంచా? నరసింహమూర్తి దాన్ని ఐదు గ్రాములుగా సవరించాడు. గిన్నె పెట్టి, దాని అంకె తెలిసిందే కాబట్టి చూడకుండా, కాటా మీద రెండువందల పదిహేను వచ్చేదాకా డబ్బా వంచాడు. వంచుతూనే ఉన్నాడు.

"ఏవండీ, డబ్బా మొత్తం పోసేస్తున్నారేంటి?"

"ఐదు గ్రాములు."

"ఐదు గ్రాములకి డబ్బా అడుగు కనిపిస్తుందా? పైన వంద గ్రాములని ఉంది!"

"అదే కదా నేను మొత్తుకునేది. వంద అని రాసి లోపల ముప్పై పోస్తున్నారు దొంగలు."

కేకు పావుగంటలో అచ్చు దాటింది. ఇరవై నిమిషాలకి ఒవెన్ అద్దానికి ఆనుకుని బయటికి చూసింది. తర్వాత కింద నుంచి కారడం మొదలుపెట్టింది. చల్లారాక రసజ్ఞ వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, "తాతయ్యా, సబ్బుతో చేశావా?" అని అడిగింది.

పౌడరు కల్తీదని తేల్చి, శనివారం అసలు పౌడరే లేకుండా చేశాడు. ఆ కేకు పొంగలేదు, కారలేదు, కత్తికి లొంగలేదు. బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా నాగేశ్వరి దాన్ని అడ్డం పెట్టింది. చక్కగా ఆగింది.

ఆదివారం పొద్దున్న నరసింహమూర్తి టమాటాలు తూచి కిందకి దిగాడు. గొంతులో మునుపటి పస లేదు.

"డెబ్భై గ్రాములు," అన్నాడు.

"ఇస్త సార్. ఫికర్ జెయ్యకుండ్రి. కేకు పాడైందట గద? పొద్దుగాల అమ్మ జెప్పింది."

"మైదాలో మోసం. పంచదారలో మోసం. పౌడర్లో మరీ మోసం."

లింగమూర్తి టమాటా తీయబోయి ఆగాడు.

"సార్, ఓ మాటంట, కోపం జెయ్యొద్దు. నేను తక్కువ జోకుతున్ననంటే సరే. బేకరోడు తక్కువ జోకిండంటే సరే. మీ ఇంట్ల మీరే చేసిన కేకుల గూడ మోసమెట్లుంటది సార్? జర నా కిలో రాయి పైకి దెస్త. జోకి సూద్దాం."

రాయి వంటింట్లోకి వచ్చింది. నరసింహమూర్తి ముందు దాన్ని తిరగేసి ముద్ర చూశాడు. ఈ ఏడాది ముద్రే, శాఖ వేసిందే. ఆ ముద్రని అనుమానిస్తే తన ముప్పై రెండేళ్ళనీ అనుమానించినట్టే. రాయిని గిన్నెలో పెట్టాడు. పదకొండువందల నలభై. రెండువందల పది తీసేస్తే తొమ్మిదివందల ముప్పై.

గిన్నె తీసేసి రాయిని నేరుగా కాటా మీద పెట్టాడు. వెయ్యి.

ఇప్పుడు ఖాళీ గిన్నె. నూటనలభై.

రెండో తరగతి రసజ్ఞ గిన్నె అందుకుని, అంచున చుక్కలతో కొట్టిన అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"వీ... ర... లక్ష్మి."

"అయ్యో రామ! ఇది పైనింటి వీరలక్ష్మిగారి గిన్నె కదండీ," అంది నాగేశ్వరి. "రెండేళ్ళయిందేమో, మన గిన్నెలో పులిహోర పంపించా. ఆవిడ పాయసం పోసి వాళ్ళ గిన్నె పంపినట్టుంది. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి."

ప్యాకెట్ల వెనక చీమ తలకాయంత అక్షరాలు చదివే మనిషి, తన గిన్నె మీదున్న పేరు రెండేళ్ళుగా చదవలేదు.

"అంటే సార్," అన్నాడు లింగమూర్తి చాలా మర్యాదగా, "ఆ రెండు వంకాయలు..."

"చూద్దాం," అన్నాడు నరసింహమూర్తి. తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు కార్యాలయాల్లో ఆ మాటకి 'అవును' అని అర్థం.

అసలు గిన్నె పైనింటి బాల్కనీలో, పావురాల నీళ్ళతో దొరికింది. తోమి, మూడుసార్లు తూచాడు. రెండువందల పది. ఈసారి ఐదు గ్రాముల పౌడరు ఒక చెంచా అంతే వచ్చింది. వీడియోలో అమ్మాయి అబద్ధం చెప్పలేదన్నమాట. సాయంత్రానికి కేకు ఎంత పొంగాలో అంత పొంగి, ఆగింది. రసజ్ఞ రెండు ముక్కలు తిని మూడోది అడిగింది.

"పందెం మీరే గెలిచారు లెండి," అంది నాగేశ్వరి.

నరసింహమూర్తి ఒక ముక్క కోసి, ప్లేటులో పెట్టుకుని కిందకి దిగాడు. లింగమూర్తి బండి సర్దుతున్నాడు.

"తీసుకో. వంద గ్రాములు."

లింగమూర్తి ముక్క అందుకుని, ఒక్క క్షణం ఆలోచించి, తక్కెడ తీశాడు. ఒకవైపు వంద గ్రాముల రాయి, ఇంకోవైపు కాగితంలో కేకు. రాయివైపు మొగ్గింది.

"జర తక్కువున్నది సార్."

నరసింహమూర్తి వంగి ముల్లు చూశాడు. పక్కకెళ్ళి ఇంకో కోణంలోంచి కూడా చూశాడు. అనుమానం లేదు.

"ఉండు," అని, కొసరు తేవడానికి లిఫ్టు వైపు నడిచాడు.