ఆవిడ వంతు మాత్రలు

మూత్రానికి వెళితే మంటగా ఉందని లాండ్రీ షాపతను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. పరీక్షలు చేయించాక ఆవిడ మాత్రల పొట్లాలు రెండు చేతిలో పెట్టింది.

"ఇది కలయిక వల్ల అంటుకునే జబ్బు. ఒకటి మీకు, ఒకటి మీ ఆవిడకి. వారం రోజులు ఇద్దరూ వాడాలి. అయ్యేదాకా దూరంగా ఉండండి. ఆవిడకి పైకేమీ తెలియకపోవచ్చు, అయినా వేసుకోవాల్సిందే."

బుద్ధిగా తలూపాడు. తలూపడంలో మనవాడు దిట్ట.

పొట్లం ఇస్తే ఎందుకని అడుగుతుంది భార్య. ఎందుకో చెబితే ఎక్కడంటించుకొచ్చావని అడుగుతుంది. ఒక హోటలు దుప్పట్లు తేవడానికి వెళ్లినప్పుడు జరిగింది. అదీ ఒక్కసారే. ఒక్కసారే అని చెప్పి బతికి బట్టకట్టిన మొగుడు లేడని అతనికి తెలుసు. అలాగని మందు పారేయడానికి చేతులు రాలేదు. ఆవిడ వంతు కూడా తనే మింగేశాడు. ఇద్దరి మందూ ఒకే ఇంట్లో పడింది కదా అని సరిపెట్టుకున్నాడు. ఇంత తెలివి ఏ బడిలోనూ నేర్పరు.

మంట తగ్గింది. నెల తిరక్కుండానే మళ్లీ మొదలైంది.

"మీ ఆవిడ మందు వాడిందా?" అంది డాక్టరమ్మ.

"ఆవిడది కూడా నేనే వేసుకున్నానండీ."

"ఆవిడకి ఆకలేస్తే మీరు తింటారా? మీకు తగ్గింది, ఆవిడ నుంచి మళ్లీ మీకొచ్చింది. ఆవిడకి లోపల ముదిరితే పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చు. వెంటనే పంపించండి."

పెళ్లయినప్పటి నుంచీ పిల్లల కోసమే చూస్తున్నారు వాళ్లు. అప్పుడు భయం పట్టుకుంది అతన్ని.

షాపులో భార్య ఎవరిదో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కొన్నాళ్లుగా పొత్తికడుపులో నొప్పంటోంది. రోజంతా నిలబడటం వల్లేనని సర్దిచెబుతూ వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి హోటలు సంగతి, జబ్బు సంగతి, మందు సంగతి అన్నీ చెప్పాడు.

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి స్విచ్చి ఆపింది. ఎవతె అది అని అడుగుతుందనుకుని జవాబు కూడబలుక్కుంటున్నాడు.

"నొప్పని నేను పడుకుంటే కాపడం పెట్టావే. అప్పటికే నా మాత్రలు మింగావా?"

"ఊఁ."

"దాని సంగతి తర్వాత తేల్చుకుందాం. నా మందు నీకెలా దిగిందయ్యా గొంతులో?"

అతనికి నిజంగానే సిగ్గేసింది. చెప్పులు వేసుకుంటున్న ఆవిడ వెనకాలే తనూ కదిలాడు.

"నువ్వు రాకు," అంది ఆవిడ. "ఈసారి నా మందు నా చేతికే ఇమ్మంటాను."