తోడు వెళ్లే అసిరమ్మ

వల తాడు రెండో కొబ్బరిచెట్టుకి బిగించి కట్టి, కొంగుతో మెడ తుడుచుకుంది అసిరమ్మ. కవిటి దగ్గరి హైస్కూల్లో ఆమె ఆయా. పొట్టి మనిషి, గట్టి మనిషి. ముంజేతుల మీద చిన్నతనంలో జీడిపిక్కలు కొట్టినప్పుడు రసం చింది కాలిన నల్లమచ్చలు. గదులు ఊడవడం, నీళ్లకుండలు నింపడం, గంట కొట్టడం ఆమె పని. పందొమ్మిదివందల అరవై అయిదులో ఆడపిల్లలకి, వల మీంచి రబ్బరు రింగు విసిరి పట్టుకునే రింగు ఆట పెట్టాక ఇంకో పని మీద పడింది. పోటీలకి పిల్లల వెంట వెళ్లి, మళ్లీ ఎవరింటికి వాళ్లని చేర్చడం.

డ్రిల్లు మేష్టారు మన్మథరావు ఇంటింటికీ వెళ్లి పోటీల్లో గెలిచే కప్పుల గురించి చెప్పేవాడు. తల్లులు తలూపి, చివరికి "అసిరమ్మ ఎల్తాదా?" అని అడిగేవారు. ఎల్తాదంటే పంపేవారు. అలా వచ్చినవాళ్లలో ఒకర్తి చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మానేసింది. ఒకర్తి జీడిపిక్కల షెడ్డుకి పోయింది. తక్కినవాళ్లు పెద్దమనిషయ్యాక మళ్లీ రాలేదు. ఇప్పుడున్నది గౌరీశ్వరి, ఇందుమతి జోడీ ఒక్కటే. రేపు టెక్కలిలో పోటీ.

ఆట మధ్యలో గౌరీశ్వరి నూతి వెనక్కి పరిగెత్తింది. ఎంతకీ రాకపోతే అసిరమ్మ వెళ్లి చూసింది. పిల్ల గోడకి ఆనుకుని ముడుచుకుని కూర్చుంది. లంగా మీద ఎర్రమరక.

"ఏటే, ఇదేనా మొదలు?"

పిల్ల తలూపింది. "అత్తా, మాయమ్మకి సెప్పకు. రేపు ఆడీసి వొచ్చీసి నానే సెప్తాను."

"నీ మొకం సూత్తే మీయమ్మకి తెలీదేటి?"

"నాను నవ్వుతా ఉంటాను గదా."

అసిరమ్మకి నవ్వొచ్చింది. చెప్పకుండా బస్సెక్కిస్తే ఈ పిల్ల ఆడుతుంది, గెలుస్తుంది కూడా. తర్వాత సంగతి బయటపడితే మాత్రం ఏ తల్లీ ఇంక అసిరమ్మ మాట మీద పిల్లని గడప దాటించదు. ఇందుమతి చెల్లెలు అప్పుడే ఆటకొస్తానంటోంది.

తన తుండుగుడ్డ పిల్ల నడుముకి చుట్టి, ఇంటికి నడిపించింది. ఇసకదారి పొడుగునా గౌరీశ్వరి చెయ్యి పట్టుకోనివ్వకుండా ముందు నడిచింది.

కబురు విని తల్లి నీలవేణి మొహం విప్పారింది. "నా తల్లే! అత్తోరికి కబురెట్టాల. తాటాకుల సాప ఏదీ?"

అసిరమ్మ గొంతు తగ్గించింది. "నీలవేణీ, రేపొక్కరోజు టెక్కలి పంపీ. నా పక్కనే ఉంచుకుంటాను. వొచ్చీసినాక కూకోబెట్టుకో."

"మతి పోనాదేటి వొదినా? ఈ మైల మీద బస్సెక్కిత్తావా? ఇంక ఆటేటి దీనికి!" అని నవ్వేసింది నీలవేణి. శుభవార్త తెచ్చినందుకని కొత్త రవికగుడ్డ చేతిలో పెట్టింది. వద్దంటే అపశకునమని అసిరమ్మ తీసుకుంది.

గౌరీశ్వరి చాప మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

బడిలో ఇందుమతి ఒక్కతే రింగుని పైకి ఎగరేసి పట్టుకుంటోంది.

"అత్తా, గౌరి ఏదీ?"

"రాదు."

"రేపటికి వొత్తాదా?"

"రేపూ రాదు. మరింక రాదు. మీ సెల్లిని తీసుకురా, ఆట నేర్పు."

ఇందుమతి రింగు ఆమె చేతికిచ్చి, పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయింది. అసిరమ్మ వల విప్పి మడత పెట్టింది. రింగు తగిలి పగులుతాయని, ఆటకి ముందు పిల్లలు గాజులు తీసి చెట్టు మొదట్లో మేకుకి తగిలిస్తారు. ఇందుమతి తనవి తీసుకుపోయింది. మేకుకి గౌరీశ్వరి ఆకుపచ్చ గాజులు, గాలికి ఒకదానికొకటి తగులుతూ ఉన్నాయి.