నలభై ఒకటో శాలువా

తూర్పు కిటికీలోంచి గాలి వస్తోంది.

తడి మట్టి వాసన, మంచు వాసన, ఎక్కడో ఎవరో కాల్చిన చెరుకు ఆకు వాసన. కిటికీకి ఒక రెక్క లేదు. చెద తినేసింది. ఆ ఖాళీలోంచి గాలి లోపలికొచ్చి, ఇంట్లో ఇంకెవరూ లేనట్టు, నేరుగా మా అత్తగారి మంచం దగ్గరికే పోతుంది.

ఆమె దగ్గుతుంది.

నాకు ఒళ్ళు మండుతుంది.

గాలిని తిట్టి ఏం లాభం? తిట్టాల్సిన మనిషి ఇంట్లోనే ఉన్నారు.

కార్తీకం వెళ్ళకముందే కార్వేటినగరం కొండల మీంచి చలి దిగింది. మా అత్తగారు పంకజాక్షమ్మకు ఎనభై దాటాయి. చలి మొదలైతే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుము నిలవదు. పోయిన ఏడు ధనుర్మాసంలో పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంచాం. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ చెప్పింది — ఇంకోసారి ఇలా చలి తగిలితే నా చేతిలో లేదు, వెచ్చగా ఉంచుకోండి అని.

వెచ్చగా ఉంచుకోండి...

ఎంత సులువైన మాట!

ఉంచడానికే చూశాను. జారిన పెంకులు సర్దించాను. తలుపు కింది సందులో పాత పంచె చుట్టి కుక్కాను. కిటికీ ఖాళీకి గోనెపట్ట కొట్టాను — గాలి దాన్ని ఉబ్బించి మరీ లోపలికొస్తోంది. మిరియాలు, వాము దంచి డబ్బాకెత్తాను. ఉలవలు కొన్నాను. నువ్వుల నూనెలో కర్పూరం కరిగించి సీసాలో పోశాను. బొంత మాత్రం... పోయిన తుపానుకు కారిన నీళ్ళలో నాని, ఉతికితే పీలికలై చేతికొచ్చింది. మళ్ళీ కుడదామంటే ఇంట్లో పాత నూలు చీరల్లేవు. ఉన్న పాత చీరలు నేను కడుతున్నవే.

అందుకే కంబళి.

సంతలో కంబళ్ళమ్మే కుప్పయ్య ఒకటి చూపించాడు. నల్లది, ముతకది, గొర్రె బొచ్చు వాసన ఇంకా పోనిది. మడతలో చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టుంది. పైగా కంబళికి మైల లేదు. మడి వదలని ముసలమ్మ కూడా నిశ్చింతగా కప్పుకోవచ్చు.

"మళ్ళా మంగళారం సంత దాకా యెవురికీ ఇయ్యనమ్మా. ఆపైన నన్నేమీ అనుకోవద్దు," అన్నాడు కుప్పయ్య.

మంగళవారానికి ముందు ఆదివారం ఉంది. ఆదివారం తిరుపతిలో మా ఆయనకు సన్మానం ఉంది. సన్మానానికి ఒక కవరు ఉంటుంది.

ఆ కవరులో కంబళి ఉంది. కిటికీ రెక్క ఉంది. ఈ చలికాలం ఉంది.

అత్తగారికి చెప్పేశాను కూడా. ఆమె బోసినోటితో నవ్వింది. "నల్లదేనా అమ్మీ?" అని రెండుసార్లు అడిగింది.

మా ఆయన పేరు శఠగోపం. ప్రైవేటు బడిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పారు. పెన్షన్ లేదు. పేరుంది. ధనుర్మాసం వస్తే ఊరూరా ఆయన ప్రవచనాలే. గొంతు విప్పితే కూర్చున్నవాళ్ళు లేవరు. అబద్ధమెందుకు, నేనూ లేవను.

ఆదివారం సాయంత్రం బస్సు దిగి వచ్చారు. మెడలో వాడిన దండ. చేతిలో చెక్క ఫలకం. భుజం మీద శాలువా.

తళతళా మెరిసేది. నలభై ఒకటోది.

"కవరు?" అన్నాను.

ఆయన కాళ్ళు కడుక్కున్నారు. చెంబు బోర్లించారు. తువ్వాలు వెతుక్కున్నారు.

"వేదిక మీదనే తిరిగి ఇచ్చేసినాను. విద్యను అమ్ముకోనని చెప్పినాను. సభంతా లేచి నిలబడింది వల్లీ!"

సభంతా లేచి నిలబడిందట.

ఇక్కడ కన్నతల్లి లేచి కూర్చోలేకపోతోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని పెద్దలు ఊరికే అన్నారా? ఆయన తిరిగిచ్చింది ఆయన సొమ్ము అనుకున్నారు. ఆమె ఊపిరి అది. కుప్పయ్య తీసిపెట్టిన నల్ల కంబళి అది. దాన్ని ఇచ్చేసి చప్పట్లు తెచ్చుకున్నారు. చప్పట్లు కప్పుకుంటే చలి ఆగుతుందా?

అడిగాను. అరిచాను. పక్కింటికి వినపడాలనే అరిచాను.

"నలుగురి ముందర చెయ్యి చాపితే ఏం బాగుంటాది?" అన్నారు.

ఆ నలుగురిలో ఒక్కరైనా మా తూర్పు కిటికీ చూశారా?

సోమవారం పొద్దున ట్రంకు పెట్టె తెరిచాను.

గుప్పుమని కలరా ఉండల వాసన. నలభై శాలువాలు. ఎర్రవి, పచ్చవి, ఊదావి. ఏడాదికోసారి ఎండలో ఆరేసి, దులిపి, మడిచి, మళ్ళీ పెట్టింది నేనే. ఇరవై ఏళ్ళు వాటికి చెమ్మ తగలకుండా చూసుకున్నాను! ఒకసారి, పాత గుడ్డలకు గిన్నెలిచ్చే వరలక్ష్మమ్మకు దొంగతనంగా చూపించాను. ముట్టుకుని చెయ్యి వెనక్కు తీసుకుంది. "వద్దులేమ్మా. వీటి మింద మా కుక్క గూడా పండుకోదు, జారతాది," అంది.

తెలుసు. అవి చలి ఆపవని తెలిసీ కత్తెర తీసుకున్నాను.

"వల్లీ, అది మా గురువుగారు కప్పింది!"

కత్తిరించాను.

"అది చిత్తూరులో... వెయ్యిమంది ముందర..."

కత్తిరించాను.

పూతలపట్టువాళ్ళది. ఐరాలవాళ్ళది. ఎవరిచ్చారో ఆయనకే గుర్తులేనిది. మడతల దగ్గర చివికిపోయినవి. జరీ అంచులు వేళ్ళను గీరాయి. పొర మీద పొర వేసి, దబ్బనంతో పెద్ద పెద్ద కుట్లు వేశాను. కుట్టుకొక తిట్టు తిట్టాను. అవేమిటో ఇక్కడ చెప్పను. నిన్నటిది ఇంకా ఆయన భుజం మీదే ఉంది. చెయ్యి చాపాను. ఇచ్చారు.

తర్వాత గుమ్మంలో కూర్చుని, కిందపడిన జరీ ముక్కలు ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో పెట్టుకున్నారు. అది చూసి నాకు జాలేసింది. జాలేసినందుకు కోపం ఇంకా పెరిగింది.

మధ్యాహ్నానికి బొంత అయింది. మా పెళ్ళినాడు కూడా ఈ ఇంట్లో అంత మెరుపు లేదు.

తెచ్చి అత్తగారికి కప్పాను.

ఆమె చేత్తో తడిమింది. పువ్వులు, నెమళ్ళు, అంచులు... చూపు మందమే గానీ మెరుపు తెలుస్తుంది.

"అబ్బ, ఎంత గొప్పగా ఉండాదే! మావాడి సన్మానాలంతా నా మిందనే ఉండాయి," అంది.

కాసేపు అలాగే పడుకుంది. దగ్గింది. మళ్ళీ దగ్గింది. తర్వాత మెల్లగా నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"అమ్మీ... ఇది పైన ఉండనీ. లోపల కప్పుకునేదానికి ఏమన్నా ఉంటే ఇయ్యి."

పైన పటారం, లోన లొటారం. నలభై ఒకటి కలిపి కుట్టినా ఒక్క కంబళి కాలేదు.

నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆయన మాత్రం విన్నారు. గుమ్మంలోంచి లేచారు. ఒళ్ళోని జరీ ముక్కలన్నీ కింద పడ్డాయి.

అప్పుడే ఫోను మోగింది.

చిత్తూరు నుంచి ఎవరో. పెద్ద గొంతు. నాకు కూడా వినపడుతోంది.

"స్వామీ, ధనుర్మాసం మొదటి రోజు ప్రవచనం మీదే. రేపు పొద్దన్నే తాంబూలం తీసుకోని మీ ఇంటికి ఒస్తాం. మీరు దుడ్డు తాకరని తెలుసులే స్వామీ! నిన్న మీరన్న మాట అందురూ చెప్పుకుంటాండారు. శాలువా మాత్రం మంచిది తెస్తాం."

రేపు మంగళవారం.

శాలువా వద్దు నాయనా, ఒక కంబళి తీసుకురండి అంటే చాలు. ఇంతే. ఇంత చిన్న మాట. సభలకు సభలను కట్టిపడేసే గొంతు అది.

ఆయన నోరు తెరిచారు.

నేను దబ్బనం కింద పెట్టలేదు. ఆయన్నే చూస్తున్నాను. అత్తగారు కూడా అటే తల తిప్పింది.

"స్వామీ... ఉండారా స్వామీ?" అంటోంది ఫోను.

తూర్పు కిటికీలోంచి గాలి వస్తోంది. గోనెపట్టను ఉబ్బించి, కలరా ఉండల వాసనను కలుపుకుని, నేరుగా ఆ మంచం దగ్గరికే పోతోంది.

ఆమె దగ్గుతోంది.