బకెట్లలో ఉన్నది ఆవు కొవ్వు

మా ఊళ్లో మాంసం కొట్టు మాదొక్కటే. మా ఆయన ఫౌస్తినో కోస్తాడు, నేను అమ్ముతాను. అతనికి కత్తి ఆడినట్టు నోరు ఆడదు. ఆ లోటు నేను తీరుస్తుంటాను. మా చకాపుక్యోలో ఏ ఇంట పొయ్యి మీద మాంసం ఉడుకుతోందో, ఏ ఇంట మొక్కజొన్న గుగ్గిళ్లతో సరిపెట్టుకుంటున్నారో నాకు తెలిసినంతగా చర్చి ఫాదరుకి కూడా తెలియదు. ఆయన మా కొండెక్కేదే నెలకోసారి లెండి.

ఆ ఏడాది బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో ఫోన్లలో ఒక గొంతు తిరగడం మొదలుపెట్టింది. ఆడగొంతు, ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతున్నట్టుంది. కింది లోయలో పిల్లల శవాలు దొరికాయట, ఒంట్లో కొవ్వంతా తోడేసి ఉందట, తెల్ల బకెట్లు వేసుకుని ఒకడు మూడు చక్రాల బండి మీద ఊళ్లు తిరుగుతున్నాడట. ఏ ఊళ్లో దొరికాయో చెప్పలేదు. ఎవరి పిల్లలో చెప్పలేదు. పిష్టాకో అన్న మాట ఒక్కటి చెప్పింది, మాకు అది చాలు.

పిష్టాకో పేరు చెప్పే మా అమ్మలు మాచేత సూపు తాగించేవాళ్లు. కొండదారిలో ఒంటరిగా పోయేవాళ్లని పట్టుకుని, ఒంట్లో కొవ్వు తీసి అమ్ముకునేవాడు వాడు. మా అమ్మమ్మ కాలంలో ఆ కొవ్వు చర్చి గంటలు పోత పోయడానికి వాడేవారట, మా అమ్మ కాలంలో రైలింజన్లకి, ఇప్పుడు విమానాలకి. వాడకాలు మారాయి గానీ కొవ్వు మాత్రం ఎప్పుడూ మాదే. ఇలా ఎకసెక్కాలాడుతున్నాను గానీ, ఆ గొంతు విన్నప్పుడు నేనూ వణికాను. అబద్ధమెందుకు?

ఇక అబిలియో సంగతి. అతను రెండు లోయలు అవతల సబ్బులు చేసుకు బతికేవాడు. అప్పుడప్పుడు తన మూడు చక్రాల బండి వేసుకుని, ఊరి చివర ఏటి ఒడ్డున మేం పశువుల్ని కోసే పాకకి వచ్చి, మేం పక్కన పడేసే కొవ్వు తీసుకెళ్లేవాడు. ఊళ్లోకి వచ్చేవాడు కాదు, ఊరికి అతని మొహం తెలియదు. మా ఊరి ఆడవాళ్లు బట్టలుతికే పసుప్పచ్చ సబ్బు మాత్రం అతను చేసిందే, నా కొట్లోనే కొనేవాళ్లు. మంచి మనిషి. వచ్చినప్పుడల్లా నా మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగేవాడు. మా ఆయన ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

అంతకుముందు ఊరి పునీతుడి పండగకి ఫౌస్తినో పైకొండ నుంచి ఒక ఆవుని తోలుకొచ్చాడు. అది దారిలోనే నురగలు కక్కింది. కత్తి తగలకముందే పాకలో చచ్చింది.

"పూడ్చిపెట్టవయ్యా," అన్నాను.

"రేపు పండగ. ఊరంతా కుండలు కడుక్కుని కూచున్నారు. వాళ్ల నోట్లో మట్టి కొట్టనా? బాగా ఉడికితే ఏమీ కాదులేవే."

బాగానే ఉడికించాం. అయినా పండగ మర్నాడు సగం ఊరు కడుపులు పట్టుకుని పొలాల్లోకి పరిగెత్తింది. మా కొట్టు ముందు నలుగురు చేరినప్పుడు ఎవరో అన్నారు, బెర్తా పోసిన చిచ్చా పులిసిపోయి ఉంటుందని. బెర్తా మా వీధి చివరి ఇంటామె. మొక్కజొన్న మొలకెత్తించి చిచ్చా అనే కల్లు కాచి పోస్తుంది, మొగుడు లేడు, యెనీ అని ఎదిగిన కూతురుంది. ఫౌస్తినో తల ఎత్తకుండా ఎముక కొడుతూ, "అయ్యుండొచ్చు," అన్నాడు. ఆ ఒక్క మాటే. ఆ రోజు నుంచి బెర్తా కుండలు ముట్టుకున్నవాడు లేడు. ఇంటికొచ్చాక ఆయనతో దెబ్బలాడాను. ఊరు మర్చిపోతుందిలే అన్నాడు. ఊరు ఆవుని మర్చిపోయింది, చిచ్చాని మర్చిపోలేదు.

ఆ ఆవు కొవ్వు పాకలోనే ఉండిపోయింది. సబ్బుకైతే దోషం లేదు కదా అని, అబిలియో వచ్చినప్పుడు నేనే కరిగించి తెల్ల బకెట్లలో పోసిచ్చాను. అతను మూతలు బిగించుకుని వెళ్లిపోయాడు. నేను ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేసరికి చర్చి గంట మోగింది, ఆగకుండా.

యెనీ ముందురోజు నుంచి కనపడటం లేదట. కొండలన్నీ వెతికారట. ఇంతలో వంతెన దగ్గర గస్తీవాళ్లు ఒక బండిని ఆపారు. మా కొండకి పోలీసులు రారు. దొంగని పట్టేదీ, విచారించేదీ, కొరడా ఝుళిపించేదీ మా గస్తీవాళ్లే. బండిలో తెల్ల బకెట్లున్నాయి, కత్తి ఉంది, త్రాసు ఉంది. ఇంకేం కావాలి?

నేనూ ఫౌస్తినో చేరేసరికి బజారు జనంతో నిండిపోయింది. అబిలియోని మోకాళ్ల మీద కూచోబెట్టారు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. గస్తీ పెద్ద నికనోర్ ఒక బకెట్టు మూత లాగాడు. లోపల తెల్లగా, గడ్డకట్టి, నున్నగా ఉంది. జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి.

బెర్తా ఆ బకెట్టు మీద పడిపోయింది. "నా పిల్లే ఇది. నా పిల్లని కరిగించేశాడు," అని గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అది ఆవు కొవ్వన్నా," అన్నాడు అబిలియో. "సబ్బు చేసుకునేవాణ్ణి. ఈ ఊరి మాంసం కొట్టువాళ్లే ఇచ్చారు. అడగండి."

నికనోర్ మా ఆయన వైపు తిరిగాడు. "ఏం ఫౌస్తినో? నువ్వు ఇచ్చావా?"

పండగ తర్వాత మేం ఆవుని కోయలేదని ఊరందరికీ తెలుసు. ఇచ్చానంటే ఏ ఆవు అంటారు. ఏ ఆవు అంటే కడుపు నొప్పులు గుర్తొస్తాయి. ఇదంతా మా ఆయన మొహంలో ఒక్కొక్కటిగా కదలడం చూశాను. చెప్తాడనే అనుకున్నాను. ఇన్నేళ్లు ఒకే కంచంలో తిన్న మనిషి కదా, చెప్తాడని ఎదురుచూశాను.

"ఈ మనిషిని నేనెప్పుడూ చూళ్లేదు," అన్నాడు.

అబిలియో అతని వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు పూర్తికాకముందే వెనకనుంచి ఎవరో కర్రతో చెవి మీద కొట్టారు. అతను పక్కకి ఒరిగిపోయాడు. ఎవరో పెట్రోలు డబ్బా అందిస్తున్నారు, జనం చేతులు మార్చుకుంటున్నారు. దాని వాసన నా ముక్కుకి తగిలింది. ఫౌస్తినో నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విదిలించుకుని ముందుకు వెళ్లాను.

"నికనోర్, ఆ కొవ్వు మాది."

"పక్కకి జరుగు వదినా. నీకు తెలీదు."

"నా చేత్తో కరిగించిందిరా అది, నాకు తెలీకపోవడమేంటి? ఆ చివరి బకెట్లో చెయ్యి పెట్టి చూడు. నా గరిటె అందులో పడిపోయింది. ఇంటికెళ్లాక చూసుకున్నాను."

నికనోర్ చొక్కా చెయ్యి పైకి మడిచి, ఇంకా గట్టిపడని ఆ బకెట్లో మోచేతిదాకా దింపాడు. ఏదో తగిలింది. లాగాడు. కొవ్వు కారుతూ మాడిన పిడి గరిటె బయటికొచ్చింది. మా ఊళ్లో ఏ పెళ్లికైనా, ఏ చావుకైనా నేను వడ్డించేది దాంతోనే. దాన్ని గుర్తుపట్టని మనిషి ఆ బజార్లో లేడు.

ఒక్కొక్క ఫోనూ కిందికి దిగింది. సిగ్గుతోనో, చూడాల్సింది అయిపోయిందనో, నాకు తెలియదు.

"ఏ ఆవు?" అన్నాడు నికనోర్.

చెప్పాను. నురగలు కక్కిన సంగతీ, కత్తి తగలకముందే చచ్చిన సంగతీ, మీ అందరి కంచాల్లో పడింది అదేనన్న సంగతీ చెప్పాను. బెర్తా చిచ్చాలో ఏ దోషమూ లేదని కూడా చెప్పాను. మాట మాటకీ మా ఆయన తల కిందికి దిగడం పక్కనుంచి కనిపిస్తూనే ఉంది. జాలేసింది. అయినా ఆపలేదు.

మర్నాడు బంగాళాదుంపల లారీ మీద యెనీ తిరిగొచ్చింది. కింది పట్నంలో పని వెతుక్కోవడానికి చెప్పకుండా వెళ్లిందట. బెర్తా కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా మా కొట్టుకే వచ్చింది.

"మా కుండలు ఎవరూ ముట్టుకోకపోతే అది పనికి పోక ఏం చేస్తుంది?" అంది నాతో. "ఇంతకాలం తెలిసీ నోరు మూసుకున్నావు కదే."

నిజమే, మూసుకున్నాను. అందుకే ఇదంతా ఇక్కడ రాస్తున్నాను.

గస్తీవాళ్లు ఫౌస్తినోకి మా పద్ధతి ప్రకారమే శిక్ష వేశారు. బజార్లో మోకరిల్లితే అతని పెద్ద మేనత్తే కొరడా తీసుకుంది. కొట్టాక, నన్ను దిద్దినందుకు దండం అని అతను ఆమె చేతిని ముద్దు పెట్టుకోవాలి. పెట్టుకున్నాడు. వర్షాకాలం అయ్యేదాకా వంతెన రాళ్లు మోయమన్నారు. గరిటె బయటపడిన రోజే అబిలియోకి క్షమాపణలు చెప్పి, బండి తోసి, బకెట్లు ఎక్కించి పంపారు. చెవిలోంచి రక్తం కారుతుంటే గుడ్డ కట్టుకుని వెళ్లాడు. ఊరు ఇక అయిపోయిందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

అబిలియో భార్య రుఫీనా వచ్చేదాకా నాకు అసలు సంగతి తెలియలేదు. బస్సు దిగి, వెతుక్కుంటూ కొట్టుకొచ్చి, సంచిలోంచి సబ్బుల కట్టలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరూ కొనటం లేదక్కా. మనిషి కొవ్వుతో చేసినవట," అంది. తర్వాత ఫోను తీసి చూపించింది.

అదే బజారు. మూత లేచిన బకెట్టు, నున్నటి కొవ్వు, రక్తమోడుతున్న అబిలియో మొహం, 'నా పిల్లని కరిగించేశాడు' అని బెర్తా ఏడుపు. అక్కడితో ఆగిపోయింది. గరిటె లేదు. నేను లేను. ఆవు లేదు. కింద మాత్రం ఎవరో రాశారు: దొరికాడు, ఒప్పుకున్నాడు, లంచం తిని వదిలేశారు, మీ పిల్లలు జాగ్రత్త.

"ఒక చెవి పూర్తిగా పోయింది," అంది రుఫీనా. "దానికి బాధ లేదు. ఇంటి తలుపు తీస్తే చాలు వీధిలో పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు. మా తలుపు మీద రాళ్లు పడుతున్నాయి. ఆయన మంచం దిగట్లేదు. మీరు ఆ రోజు చెప్పిన మాటే ఇందులో చెప్పండక్కా. అందరికీ పంపుకుంటాను."

చెప్పడానికి నేను శాలువా సర్దుకున్నాను. అప్పటిదాకా మాంసం కొట్టే మొద్దు దగ్గర నించుని ఉన్న ఫౌస్తినో చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"నేను చెప్తానే," అన్నాడు.

జీవితంలో అన్ని మాటలు ఒక్కసారి అతని నోట నేను వినలేదు. ఆవు తనదని, చచ్చిన ఆవుని ఊరికి తినిపించింది తనేనని, అబిలియో తెలియదని అబద్ధమాడింది తనేనని ఫోను వంక చూస్తూ చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. బెర్తాని పిలుచుకొచ్చాను. మొదట రానంది. రుఫీనా మొహం చూసి వచ్చింది. "అందులో ఏడుస్తున్నది నేనే. ఇదిగో నా కూతురు, బతికే ఉంది," అని యెనీని ముందుకు లాగింది. పిల్ల సిగ్గుపడి ఫోను వంక చూడలేకపోయింది. చివర్లో నేను గరిటె చూపించాను. ఇంతకంటే నిజం ఎక్కడుంటుంది?

రుఫీనా ఒక సబ్బు కట్ట నా చేతిలో పెట్టి, చెమ్మగిల్లిన కళ్లతో బస్సెక్కింది.

కొన్నాళ్లకి లీమాలో ఉంటున్న మా అక్క సతుర్నినా ఫోన్ చేసింది. ఎప్పుడో పెళ్లయి వెళ్లిపోయింది, ఊరి మీద బెంగ మాత్రం పోలేదు.

"ఒసే ఎర్మెలిందా, పిల్లల్ని బయటికి పంపకండే. పిష్టాకో మీ వైపే తిరుగుతున్నాడు. వీడియో పంపించాను, చూశావా?"

"అది మన బజారేనే అక్కా. అతను సబ్బులవాడు. అది మా ఆవు కొవ్వు. ఇంకో వీడియో ఉంది, చూడలేదా? నీ మరిది చెప్పాడు అందులో."

"చూశాను. ఫౌస్తినో మొహం పీక్కుపోయి ఉంది. పాపం, ఎవరు బెదిరించి చెప్పించారే?"

"ఎవరూ బెదిరించలేదు. బెర్తా కూతురు కూడా ఉంది కదే అందులో."

"ఆ పిల్ల ఈ పిల్లేనని ఏంటి నమ్మకం? తల కూడా ఎత్తటం లేదు. ఇక్కడ అందరూ అదే అంటున్నారు, ఎవర్నో తెచ్చి నిలబెట్టారని."

"యెనీ నా చేతుల్లో పెరిగిందక్కా. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. గరిటె నాది."

అవతల అక్క లేచి తలుపు మూసిన చప్పుడు వినిపించింది. నమ్మిందేమో అనుకున్నాను. నన్ను వీపున మోసి పెంచిన అక్క. అబద్ధమాడితే నా చెవి మెలేసిన అక్క.

"నువ్వేం భయపడకే," అంది చివరికి, గొంతు బాగా తగ్గించి. "నీ పక్కన ఎవరో ఉన్నారు కదూ? ఉంటే ఊఁ అను చాలు."