మూడోసారి అనని వేలంపాట

వేలంపాటల్లో చిల్లకల్లు బ్రహ్మయ్యకున్న పేరు ఆషామాషీ పేరు కాదు. దేవుడి మాన్యం కౌలు పాటైనా, చింతచెట్ల కాపు పాటైనా, పంచాయతీ చెరువులో చేపల పాటైనా ఆయన వచ్చి ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడంటే సగంమంది జేబులు తడుముకుని వెనక్కి జరిగేవారు. ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు. ఎదుటివాడి గొంతు ఎప్పుడు సన్నబడుతుందో అంతకన్నా బాగా తెలుసు. అలాంటి మనిషి నాలుగు రోజుల్లో పద్దెనిమిది వేలు ఫోనులో పోసేశాడంటే, ఉన్నమాట చెప్పొద్దూ, ఆ పేరే ఆయన్ని ముంచింది.

సంగతేమిటంటే, ఫోనులో ఒక ప్రకటన వచ్చింది. పత్తి సాళ్ళ మధ్య కలుపు తీసే పవర్ వీడరు, బయట కొంటే అరవై వేలు, అక్కడ పాటలో ఉంది. అప్పటికి దాని ధర రెండువందల పది రూపాయలు. పాడాలంటే ముందు బిడ్లు కొనుక్కోవాలి, బిడ్డుకు పది రూపాయలు. ఒక్క బిడ్డు నొక్కితే మిషను ధర ఒక్క పైసా పెరుగుతుంది, తెర మీద గడియారానికి పదిహేను సెకన్లు కలుస్తాయి. గడియారం సున్నాకు వచ్చేటప్పటికి ఎవరి పేరు పైన ఉంటే మిషను వాళ్ళది. పొద్దున పదికి మొదలవుతుంది, రాత్రి ఎనిమిదింటికి ఆపి మర్నాడు మళ్ళీ అక్కడి నుంచే అందుకుంటారు.

లక్షల పాటలు నెగ్గినవాడు పైసల పాట నెగ్గలేడా అనుకున్నాడు బ్రహ్మయ్య. బిడ్లకు పెట్టిన డబ్బు గురించి ఆయనకు రవ్వంత బెంగ లేదు. దాన్ని ఆయన ధరావతు అనుకున్నాడు మరి. ఏ వేలంలోనైనా కూర్చోబోయే ముందు ధరావతు కడతారు. నెగ్గితే పాట సొమ్ములో కలుపుకుంటారు, పోతే అదేరోజు చేతిలో పెట్టి పంపిస్తారు. నలభై ఏళ్ళలో పాట పోయినవాడి డబ్బు ఉంచేసుకున్న ఆఫీసరును ఆయన చూడలేదు. అందుకని నొక్కాడు. అన్నం దగ్గర నొక్కాడు, పొలం గట్టున నొక్కాడు, క్షవరం చేయించుకుంటూ తల కదపకుండా నొక్కాడు. నాలుగో రోజుకు మిషను ధర మూడువందల పన్నెండు అయింది, ఆయన ఖాతా ఖాళీ అయింది.

ఇక్కడే అసలు గండం ఉంది. మర్నాడు గురువారం, నందిగామలో దేవస్థానం ఆఫీసులో ఆరెకరాల మాన్యానికి కౌలు వేలం. తొమ్మిదేళ్ళుగా బ్రహ్మయ్య దున్నుకుంటున్న పొలం అది. ఇంటి తిండీ ఖర్చూ అంతా దాని మీదే. ధరావతు యాభై వేలు, డీడీగానైనా కౌంటరు దగ్గర ఫోనులోంచైనా కట్టొచ్చు. మిరపకాయలు అమ్మిన డబ్బులోంచి భార్య సీతారావమ్మ ఆ యాభై వేలూ తీసి ఇచ్చి, జగ్గయ్యపేట బ్యాంకులో డీడీ తీయించమని పంపింది. దారిలో ఎవరికీ చేబదులు ఇవ్వొద్దని రెండుసార్లు చెప్పింది కూడా.

ఆయన బ్యాంకుకు పోలేదు. బస్టాండు ఎదురుగా ఆమని నడిపే నెట్ సెంటరుకు పోయాడు. కరెంటు బిల్లులకూ, పాసుపుస్తకం కాగితాలకూ ఎప్పుడూ వచ్చే చోటే.

"అమ్మాయ్, ఈ ఇరవై వేలు నీ ఖాతాలోంచి వీళ్ళకి పంపు. నీ కమీషను రెండొందలు తీసుకో. తొందరగా కానియ్, గడియారం నడుస్తోంది," అన్నాడు.

ఆమని ఆయన ఫోను తీసుకుని పైకీ కిందకీ జరిపి చూసింది. "ఇప్పటిదాకా ఎంత పెట్టారు బాబాయ్ గారూ?"

"పద్దెనిమిది. పోయేదేముంది? మిషను రాకపోతే ధరావతు వాపసు ఇస్తారుగా. ఎన్నాళ్ళకి ఇస్తారో అందులో రాసుంటుంది, చూసి చెప్పు."

ఆమని లెక్కపెడుతున్న నోట్లు అలాగే బల్ల మీద పెట్టేసింది. "ఇవ్వరు బాబాయ్ గారూ. ఒక్క రూపాయి కూడా ఇవ్వరు. కింద చిన్నక్షరాల్లో రాసే ఉంది. నొక్కిన బిడ్డు నొక్కినట్టే పోతుంది."

బ్రహ్మయ్యకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న కొట్టు పెట్టిన పిల్ల తనకు పాట నేర్పడమేమిటి? "నువ్వు పుట్టకముందు నుంచి పాడుతున్నా నేను. పంపుతావా, పక్క కొట్టుకి పోనా?" అని గట్టిగానే కసిరాడు. జిరాక్సులకు నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. ఆమని ముఖం ఎర్రబడింది గానీ డబ్బు మాత్రం ముట్టుకోలేదు.

"పోదురుగాని. ఒక్కమాట చెప్పి పోండి. రేపు మీ దేవస్థానం పాటలో నోరు తెరిచిన ప్రతివాడూ తెరిచినప్పుడల్లా పది రూపాయలు పెట్టాలన్నారనుకోండి. ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు, ఈలోపు ఎవరో ఒక్క పైసా పెంచారు. మళ్ళీ ఒకటోసారి నుంచి మొదలు. పాడేవాళ్ళ మొహాలు కనపడవు. అవతల ఉన్నది మనిషో, కంపెనీవాళ్ళు పెట్టిన ప్రోగ్రామో కూడా తెలియదు. ఆ పాటకి మీరు పోతారా?"

"మరి మూడోసారి ఎప్పుడంటారు?" అన్నాడు బ్రహ్మయ్య.

"మీలాంటోళ్ళ జేబులన్నీ ఖాళీ అయ్యాక."

ఆమె లెక్క వేసి చూపించడానికి కాగితం తీసుకోబోయింది గానీ ఆయనకు కాగితం అక్కర్లేదు. పాటగాడి బుర్ర దానంతట అదే లెక్క కట్టేసింది. మూడువందల పన్నెండు రూపాయలంటే ముప్పై ఒక్క వేల రెండువందల పైసలు. అంటే అన్నిసార్లు నొక్కారు. నొక్కుకు పది చొప్పున మూడు లక్షల పన్నెండు వేలు. అరవై వేల మిషనుకు! అందులో పద్దెనిమిది వందల నొక్కులు తనవే. ఫోను వంక చూశాడు. గడియారం మూడు సెకన్లకు వచ్చింది, రెండుకు వచ్చింది, చటుక్కున పైకి పోయింది. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

ఆమని మంచినీళ్ళిచ్చింది. నోట్లు మళ్ళీ కట్టకట్టి ఆయన చొక్కా లోపలి జేబులో పెట్టించింది. తర్వాత షట్టరు సగం దించి, "పదండి, డీడీ తీద్దాం," అని బ్యాంకు దాకా వెంట వచ్చింది. గిరాకీ వదులుకుని అరగంట వరసలో నిలబడింది. డీడీ చేతికొచ్చాక, "అమ్మా, అందరిలో అరిచాను. ఏమనుకోకు," అన్నాడు బ్రహ్మయ్య.

ఇంటికి వెళ్ళి సీతారావమ్మ దగ్గర ఏదీ దాచలేదు. ఆవిడ ఆపకుండా ఒక పావుగంట తిట్టింది. తిట్టడం అయ్యాక, "పద్దెనిమిది వేలు పోతే పోయాయి. ఆరెకరాలు మిగిల్చింది ఆ పిల్ల. ఆ పిల్ల చేతిలో ఏమీ పెట్టకుండానే వచ్చావా?" అని రెండు కేజీల కందిపప్పు మూటకట్టి, సాయంత్రం బస్సుకే ఆయన్ని వెనక్కి తరిమింది. ఇలాంటి ఇల్లాలు, అలాంటి పిల్ల, తనకేం తక్కువ అనుకుంటూ బ్రహ్మయ్య దారంతా కళ్ళు తుడుచుకున్నాడు.

గురువారం పదిన్నరకల్లా నందిగామలో ధరావతు కట్టేశాడు. కౌంటరు పదకొండుకు మూసేస్తారు, ఆ తర్వాత పాట. ఆవరణలో రేకుల షెడ్డు కింద వెంకటరత్నం కనిపించాడు. మాన్యం పక్కనే ఆయన పొలం. కలిపేసుకుందామని మూడు వేలాలుగా బ్రహ్మయ్య మీద పాడుతూనే ఉన్నాడు. ఈయన మీద నెగ్గుకురాగల మనిషి ఆ జిల్లాలో ఉంటే ఆయనొక్కడే. ఇవాళ మాత్రం తల ఎత్తడం లేదు. బొటనవేలితో ఫోను పొడుస్తున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ పొడుస్తున్నాడు. బ్రహ్మయ్యకు ఆ వేలు చూడగానే అర్థమైపోయింది.

అబద్ధం ఆడను, ఆయనకు ముందుగా తట్టింది ఒకటే. ఈ మనిషి ఇంకో అరగంట తల ఎత్తకపోతే చాలు. కౌంటరు మూసేస్తారు. మిగతావాళ్ళు లక్ష దగ్గర ఆగిపోయేవాళ్ళే. పొలం చవగ్గా ఒళ్ళో పడుతుంది. అలా అనుకుని వేపచెట్టు దాకా పోయి నిలబడ్డాడు కూడా. కానీ నిన్న జిరాక్సులవాళ్ళ ముందు ఎర్రబడ్డ ఆ పిల్ల ముఖం కళ్ళముందు నుంచి పోదే! తిట్టించుకుని మరీ ఆపింది. తను ఆమెకేమవుతాడని ఆపింది?

వెనక్కి వచ్చాడు. "వెంకటరత్నం గారూ, అది ఆపేయండి. నేను పద్దెనిమిది వేలు పోగొట్టుకున్నా అందులో."

వెంకటరత్నం అనుమానంగా చూశాడు. "మీరూ ఇదే పాడుతున్నారా? నన్ను పక్కకి తప్పించి మిషను కొట్టేద్దామనా?"

"ఇప్పటికి ఎంత పెట్టారు?"

"ఇరవై ఏడు. ఖాతాలో ఇంకో యాభై ఆరుంది, ధరావతుకి పోను ఆరు వేలు దీనికి పెట్టొచ్చు. ఇంకో పదో పన్నెండో వేలు పెడితే అయిపోయేటట్టుంది."

"ఎన్నిసార్లు అయిపోయేటట్టు వచ్చింది? ఒక్కసారన్నా అయిపోయిందా?" అని, ఆమని తనకు చెప్పినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ధరావతు వాపసు రాదన్న దగ్గర వెంకటరత్నం ముఖం పాలిపోయింది. ఆయనా అదే అనుకున్నాడు పాపం. పదకొండుకు ఐదు నిమిషాలుండగా లేచి కౌంటరు వైపు పరిగెత్తాడు.

పాట తొంభై వేల దగ్గర మొదలైంది. లక్ష దాటగానే మిగతావాళ్ళు ఆగారు. వెంకటరత్నం మాత్రం ఏమీ తగ్గలేదు, అదేమీ దాక్షిణ్యానికి చోటు కాదుగా. లక్షా పది అన్నాడు, పదిహేను అన్నాడు, లక్షా ఇరవై అన్నాడు. ఆ అనడంలో ఆయన గొంతు సన్నబడింది. బ్రహ్మయ్య ఇంకో వెయ్యి వేశాడు. గుమాస్తా మూడుసార్లు చెప్పి బల్ల చరిచాడు. ఆరెకరాలూ బ్రహ్మయ్యకే ఉండిపోయాయి.

ధరావతు వాపసు కాగితం మీద సంతకం పెట్టి బయటికొచ్చిన వెంకటరత్నం, మోటారు సైకిలు దగ్గర బ్రహ్మయ్యను ఆపాడు. "పొద్దున అరగంట మీరు నోరు మూసుకుంటే ఇరవై వేలు మిగిలేవి. ఎందుకు చెప్పినట్టు?"

"నిన్న ఆ పిల్ల నోరు మూసుకుని నా రెండొందలు తీసుకుని ఉంటే, ఇవాళ ఈ పాట మీరొక్కరే పాడుకునేవారు. నేను ఇంటిదగ్గర గోడకేసి తిరిగి పడుకునేవాణ్ణి," అన్నాడు బ్రహ్మయ్య.

వెంకటరత్నం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత బండి స్టార్టు చేశాడు.

"ఎక్కండి," అన్నాడు. "ఆ అమ్మాయి కొట్టు ఎక్కడో చూపించండి నాకు."