కొండ మీద పీత కన్నాలు

మస్కట్‌లో త్రిమూర్తులు పనిచేసే కంపెనీ మూతపడింది. నెలాఖరులోగా ఇంకెవరైనా తమ పేరు మీదికి వీసా మార్చుకోకపోతే ఇంటికి విమానం ఎక్కాల్సిందే. అతని ఊరివాడే అయిన ఆరోన్, కొండమీది ఓ ఒమానీ కుటుంబానికి బండి తోలుతాడు. ఆ ఇంటి పెద్దాయన సాలెం తోటపనికి మనిషి కోసం చూస్తున్నాడనీ, ఒక్క శుక్రవారం పని చూసి నచ్చితే ఉంచుకుంటాడనీ చెప్పి బండెక్కించాడు.

"మా బాబాయ్ కాలవకింద పుట్టాడు, నీళ్ళు కట్టడంలో ఆయన్ని మించినోడు లేడని పెద్దాయనకి నీ గురించి చెప్పాను. నా పరువు తీయకు," అన్నాడు దారిలో.

తోటంటే చదునుగా ఉంటుందనుకున్నాడు త్రిమూర్తులు. ఇక్కడ కొండను మెట్లుమెట్లుగా చెక్కి, ప్రతి మెట్టుకూ రాతిగోడ పేర్చి, వెనక మట్టి పోసి దానిమ్మలు పెట్టారు. ఆ మట్టి తాతల కాలంలో గాడిదల మీద కిందినుంచి మోసుకొచ్చిందేనట. పొద్దున అతను పాదులు చేసిన తీరు చూసి సాలెం తల పంకించాడు. ఆయన కోడలు ఖర్జూరాలు, కాఫీ తెచ్చి పెట్టింది. సగం పని అయిపోయినట్టేనని ఆరోన్ నవ్వాడు.

మధ్యాహ్నం కొండ కాలవలో వాళ్ళ వంతు నీళ్ళు వచ్చే వేళకి సాలెం మసీదుకు వెళ్ళాలి. పాదులు తడిపి తూము మూసెయ్యమని ఆరోన్ చేత చెప్పించి, ఆరోన్ బండిలోనే వెళ్ళాడు.

నీళ్ళొచ్చాయి. పై మెట్టు నేల నెర్రెలు విచ్చి ఉంది. వాళ్ళ ఊళ్ళో కాలవ చివరి రైతు నీళ్ళు దొరికిననాడు పాదులు తడిపి ఊరుకోడు, మడి నింపుకుంటాడు. త్రిమూర్తులు తూము పూర్తిగా ఎత్తాడు. కాసేపటికి కింది మెట్టులోకి దిగి చూస్తే గోడ అడుగున వరసగా కన్నాలు, వాటిలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ప్రాణం ఉసూరుమంది. మడిగట్టుకు పీతలు పెట్టిన కన్నాలు పూడ్చని రైతును ఊళ్ళో ఏమంటారో అతనికి తెలుసు. బురదలో గడ్డి కలిపి ముద్దలు చేసి, ఒక్కో కన్నంలో కూరి అరచేత్తో బిగించాడు. చుక్క బయటికి రాలేదు. మడి నిండింది. పెద్దాయన వచ్చి చూస్తే చాలనుకుంటూ పక్కనున్న గట్టెక్కి కూర్చున్నాడు.

మొదట గోడ నడుమ ఉబ్బింది. అతను లేచేలోగా ఒక రాయి జారింది. ఆ వెనకే గోడ సగానికి పైగా చెట్లతో, మట్టితో సహా కింది మెట్టు మీద పడింది. ఆ బరువుకు దాని గోడా పోయింది. బురద లోయలోకి చాలాసేపు దిగుతూనే ఉంది.

సాలెం వచ్చేసరికి త్రిమూర్తులు మోకాలి లోతు బురదలో రాళ్ళు ఏరుతున్నాడు. పడకుండా మిగిలిన గోడ దగ్గర వంగి, పూడ్చిన కన్నం చూపించి ముసలాయన ఏదో అడిగాడు.

"ఎందుకు మూశావంటున్నాడు," అన్నాడు ఆరోన్.

"పీత కన్నాలనుకున్నాన్రా."

"కొండ మీద పీతలేంటి బాబాయ్? ఊరిన నీళ్ళు పోవడానికి వాళ్ళే పెట్టుకున్నయ్యి. గోడ నిలబడేదే వాటివల్ల."

"నేనే కడతానని చెప్పు. కూలొద్దు. గోడ లేచేదాకా ఇంత అన్నం పెడితే చాలు."

ఆరోన్ చెప్పాడు. సాలెం లోయకేసి చూస్తూ మెల్లగా జవాబిచ్చాడు. రాళ్ళు పేర్చుకోవచ్చు, మట్టి ఎక్కణ్ణుంచి తెస్తావని అడిగాడట. త్రిమూర్తులు ఊళ్ళో కాలవ పూడిక తీస్తే, ఆ మట్టి ఎవరిదని అడిగేవాడే ఉండడు.

చీకటి పడకముందే అతన్ని కొండ దించెయ్యమన్నాడు సాలెం. కోడలు అన్నం డబ్బాలో పెట్టి సీటు మీద ఉంచింది. మలుపులో వెనక్కి చూస్తే, ముసలాయన నేలమీద కూర్చుని మిగిలిన కన్నాల్లోంచి బురద వేళ్ళతో లాగుతున్నాడు.

"నీ పనికేం కాదు గదరా?" అన్నాడు త్రిమూర్తులు.

"తెలీదు బాబాయ్. తెచ్చింది నేనే గదా."