ఉప్పు ఉలిక్కిపడింది

ఆ ఇంట్లో బడి కుక్కర్ మొదటి కూతతో మొదలవుతుంది. గంట కొట్టడానికి వేరే మనిషి అక్కర్లేదు. భోజనాల బల్లే బెంచీ, ఫ్రిజ్ తలుపే నల్లబల్ల. హెడ్మాస్టరు, గుమాస్తా, ఆయా అంతా ఒక్క అమ్మే. అందుకే భర్త ఆవిడని టీచరమ్మ అంటాడు, ముద్దొచ్చినప్పుడూ, ఒళ్లు మండినప్పుడూ కూడా.

ఆయన వంతెన పనుల్లో సూపర్‌వైజరు. ఒక వంతెన పూర్తయ్యేసరికి ఇంకో నదికి బదిలీ. ఏడాది మధ్యలో ఏ బడీ చేర్చుకోక, చేర్చుకున్నచోట అయిపోయిన పాఠాలే మళ్లీ చెబుతుంటే విసుగెత్తి, టీచరమ్మ పుస్తకాలు కొని పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టింది. అప్పుడు ఇద్దరు. ఇప్పుడు ఆరుగురు. "మావాడి వంతెనలకన్నా పిల్లలే తొందరగా పూర్తవుతున్నారు" అని అత్తగారు ఒకసారి అంది. టీచరమ్మ అప్పుడు నవ్వలేదు గానీ, ఆ మాట తర్వాత పదిమందికి చెప్పుకుంది.

ఆవిడ చదువు చెప్పడమంతా గొంతుమీదే నడుస్తుంది. పొయ్యి దగ్గరనుంచి కదలకుండా పెద్దదానికి బీజగణితం, నడిపిదానికి భూగోళం, కవలలకి ఎక్కాలు, మధ్యవాడికి చివాట్లు. మధ్యవాడి పేరు లాయరు. ఏ మాటా ఊరికే ఒప్పుకోడు కాబట్టి ఆ పేరు. దానికి బాధ్యురాలు ఆవిడే. "కళ్లతో చూసింది చెప్పండి, మనసులో అనుకున్నది చెప్పకండి" అని సైన్సు పాఠానికి ముందు రోజూ నూరిపోసేది. తక్కినవాళ్లు తలూపి మర్చిపోయారు. వాడు మర్చిపోలేదు.

ఇక ఆరోది బుల్లి. ఇంకా మెడ సరిగ్గా నిలపని పసిది. ముందు పుట్టిన ఐదుగురూ చీమ చిటుక్కుమన్నా లేచి ఇల్లు పీకి పందిరేసినవాళ్లే. బుల్లి మాత్రం ఎక్కాల మధ్య, కవలల కొట్లాట మధ్య, మిక్సీ రొద మధ్య హాయిగా నిద్రపోయేది. ఆవిడకి నెత్తిన పాలు పోసినట్టయింది. బుట్ట ఉయ్యాలని తెచ్చి పాఠాల బల్లమీదే ఒక చివర పెట్టేసింది.

"బంగారమే ఇది. దీన్ని చూసైనా నేర్చుకోండర్రా" అనేది అత్తగారు.

"ఏం నేర్చుకోవాలి? నిద్రపోవడమా?" అనేవాడు లాయరు.

ఆ రోజు ధ్వని పాఠం. టీచరమ్మ పొయ్యి దగ్గరుంది కాబట్టి పెద్దది చెబుతోంది. గిన్నెమీద ప్లాస్టిక్ కాగితం బిగించి, దానిమీద చిటికెడు ఉప్పు చల్లింది. శబ్దమంటే గాలి కదలడమే, చూడండి, అంది. లాయరు పళ్లేన్నీ గరిటెనీ గాల్లోకి ఎత్తి పట్టుకుని ఠంగున కొట్టాడు. ఉప్పు రవ్వలు ఎగిరిపడ్డాయి. కవలలు కేరింతలు కొట్టారు. మళ్లీ, మళ్లీ అన్నారు. వాడు మళ్లీ కొట్టాడు, ఈసారి ఇంకా గట్టిగా.

"ఏం చూశారో చెప్పండి" అంది ఆవిడ వంటింట్లోంచి, అలవాటు ప్రకారం.

"ఉప్పు ఉలిక్కిపడింది" అన్నాడు లాయరు. ఉయ్యాలవైపు తిరిగి, "బుల్లి ఉలిక్కిపడలేదు" అన్నాడు.

"పడుకుంది కదరా."

"పడుకోలేదు. కళ్లు తెరిచే ఉంది. ఫ్యాన్ చూస్తోంది."

"మీ గోలకి అలవాటైపోయింది దానికి."

"అలవాటైతే ఏడవదు, ఒప్పుకుంటా. రెప్ప కూడా వెయ్యదా?"

"నోర్ముయ్యరా" అంది పెద్దది. వాడు చెప్పింది తప్పని మాత్రం అనలేదు.

టీచరమ్మ స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఉయ్యాల వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. బుల్లి టక్కున తల తిప్పింది.

"చూశావా! పెద్ద లాయరు బయల్దేరాడు" అంది. అంటూనే ఊపిరి పీల్చుకుంది.

"అమ్మా" అంది పెద్దది మెల్లగా, "కిటికీకి అడ్డంగా నిలబడ్డావు. నీ నీడ దానిమీద పడింది."

ఆవిడ పక్కకి జరిగి మళ్లీ కొట్టింది. బుల్లి ఫ్యాన్ చూసుకుంటోంది. ఆవిడ బల్లమీదున్న నిఘంటువుని ఎత్తి దభీమని పడేసింది. పసిది ఒళ్లంతా అదిరి చేతులు చాపింది. ఆవిడ మొహం విప్పారింది. పెద్దది కిందికి చూస్తూ ఉండిపోయింది. లాయరు మాత్రం ఉండలేకపోయాడు.

"బల్ల అదిరిందిగా" అన్నాడు.

ఇన్నేళ్లూ ఎంత కష్టపడి నేర్పిందో అంత చక్కగా నేర్చుకున్నారు పిల్లలు. ఆవిడకి ఎక్కడా తప్పించుకునే సందు లేకుండా చేశారు.

సాయంత్రం భర్త వచ్చాక చెప్పింది.

"నీకన్నీ అనుమానాలే టీచరమ్మా. నేను కూడా ఆలస్యంగా మాట్లాడానట, అమ్మనడుగు."

"మాట్లాడటం కాదండీ, వినడం."

"ఎవరు కనిపెట్టారు?"

"మీ సుపుత్రుడు."

ఆయన బుల్లి తలవైపు కూర్చుని పేరు పెట్టి పిలిచాడు. తర్వాత కాస్త గట్టిగా. తర్వాత, యంత్రాల హోరులో కూలీలని కేకేసే గొంతుతో. పక్కింటి కుక్క మొరిగింది. ఎదురింటి కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు. బుల్లి గుప్పిట నోట్లో పెట్టుకుని చీకుతూ ఉండిపోయింది. ఆయన చొక్కా విప్పకుండానే వెళ్లి మెట్లమీద కూర్చున్నాడు.

ఆస్పత్రిలో, బుల్లి నిద్రపోయాక, నుదుటికీ చెవుల వెనకా తీగలు అంటించి పరీక్ష చేశారు. డాక్టరమ్మ తెరమీది గీతల్ని చాలాసేపు చూసింది.

"రెండు చెవులూ అమ్మా. పుట్టుకతోనే అయ్యుంటుంది. మిషన్లున్నాయి, ఆపరేషనుంది. ఎంతవరకు పనిచేస్తాయో ఇప్పుడే చెప్పలేను. పుట్టినప్పుడు పరీక్ష చేశారా?"

"సరిగ్గా తేలలేదు, మళ్లీ తీసుకురండి అన్నారండీ. ఈలోగా బదిలీ అయింది. సామాన్లు సర్దడంలో పడి..."

"ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"మా ఇంట్లో గోల ఎక్కువండీ."

"గోల ఎక్కువైతే ఇంకా తొందరగా తెలియాలి కదమ్మా?"

బీయే మొదటి తరగతిలో పాసైన టీచరమ్మ ఆ ప్రశ్నకి జవాబు బస్సులో వస్తున్నంతసేపూ వెతుక్కుంది. పక్కసీటావిడ ఉయ్యాల బుట్టలోకి వంగి చూసి, "ఇంత హారన్ మోతలో కూడా ఎంత బుద్ధిగా పడుకుందండీ!" అంది. "అవునండీ" అంది టీచరమ్మ.

ఇంటికొచ్చేసరికి లాయరు గుమ్మంలోనే ఉన్నాడు. వాడి వెనక అందరూ.

"వినబడదర్రా దానికి" అంది ఆవిడ. ఇంకే విధంగా చెప్పాలో తెలియలేదు.

అత్తగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "నిద్రపోతోందనుకుని మురిసిపోయాం కదే అమ్మాయ్" అంది. కవలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లాయరు ఏ ప్రశ్నా వెయ్యలేదు. దానికే ఆవిడకి భయమేసింది. బుట్ట లోపల పెట్టి వాడి కోసం చూస్తే బట్టలారేసిన తీగ కింద గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"పళ్లెం మరీ దగ్గరగా కొట్టాను" అన్నాడు. "దాని చెవి పక్కనే."

"నీవల్ల కాదురా. పుట్టినప్పట్నుంచే."

"ఎలా తెలుసు?"

"డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది."

వాడు ఆ సాక్ష్యం చెల్లుతుందనుకున్నట్టున్నాడు, భుజాలు కాస్త దిగాయి. అంతలోనే తలెత్తాడు.

"మరి నువ్వు రోజూ చూస్తున్నావుగా. నీకెందుకు తెలీలేదు?"

పెద్దవాళ్ల మాట ఏదో ఒకటి చెప్పి పంపెయ్యొచ్చు. పనుందనీ, అవన్నీ నీకెందుకనీ. వాడి మొహం చూశాక నోరు రాలేదు.

"ఏడవట్లేదు కదా అని ఊరుకున్నానురా" అంది. "ఇదొక్కతైనా నన్ను పిలవకుండా ఉంది కదా అని."

లాయరు లేచి లోపలికి వెళ్లి, బుల్లికి కనబడేలా బుట్ట ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

టీచరమ్మ వంటింట్లోకి వెళ్లి కూరగాయలు ముందేసుకుంది. కవలలు పుస్తకం తెచ్చి ఎక్కడ ఆపామని అడిగారు. చెప్పబోయింది. ఆగి, మళ్లీ కూరగాయల మీదికి వంగింది. పెద్దది ఆ పుస్తకం అందుకుని, బల్ల దగ్గర కూర్చుని, బుల్లి లేస్తుందేమో అన్నంత మెల్లగా చదవసాగింది. అంత మెల్లగా చదవాల్సిన పని ఆ ఇంట్లో ఇప్పుడెవరికీ లేదు.